గిట్‌హబ్ స్టార్లు పక్కన పెడితే, ఒక రిపో (ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) ఆరోగ్యంగా ఉందో లేదో మీరెలా తేల్చుకుంటారు?

సాహితి_బ్యాకెండ్

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ పనుల కోసం ఒక జాబ్ క్యూ లైబ్రరీ (పనులను వరసలో పెట్టి నడిపించే కోడ్) ఎంచుకోవాలి. వడపోతలో రెండు మిగిలాయి. పేర్లు రాయడం లేదు, రాస్తే చర్చంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది. మొదటిదానికి 19 వేల స్టార్లు ఉన్నాయి, చివరి రిలీజ్ వచ్చి 14 నెలలైంది. రెండోదానికి 1,100 స్టార్లు. ఆరేడు వారాలకోసారి రిలీజ్ వస్తోంది, కానీ రాసేది ఇద్దరే. మా లీడ్ "అంతమంది వాడుతున్నదాన్ని వదిలి దీని వెంట ఎందుకు పడుతున్నావ్" అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

నా భయానికి కారణం చెబుతాను. రెండేళ్ల క్రితం స్టార్లు చూసి ఒక లైబ్రరీని నేనే సిఫార్సు చేశాను. ఏడాది తిరక్కుండానే దాన్ని ఆర్కైవ్ చేసేశారు, అంటే ఇక మార్పులు చేయకుండా మూసేశారు. కోడ్‌లోంచి దాన్ని పీకి ఇంకోటి పెట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దు. మీరు ఒక రిపో తెరవగానే మొదట ఏం చూస్తారు? దేన్ని నమ్మరు?

వేణు_ఏపీఐ

స్టార్‌ని నేను బుక్‌మార్క్‌గానే చూస్తాను. ఎవరో ఒక రోజు "తర్వాత చూద్దాం" అని నొక్కి వెళ్లిపోతారు. లైబ్రరీ పాడైపోయాక వెనక్కి వచ్చి ఆ స్టార్ తీసేసేవాళ్లు దాదాపు ఉండరు. అందుకే ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది. నోడ్ ప్రపంచంలో రిక్వెస్ట్ అనే హెచ్‌టీటీపీ లైబ్రరీని 2020 ఫిబ్రవరిలో దాని నిర్వాహకులే డిప్రికేట్ చేశారు, ఇక కొత్త మార్పులు రావన్నారు. ఆ తర్వాత ఏళ్లు గడిచినా స్టార్లు 20 వేలకు పైనే, డౌన్‌లోడ్లు వారానికి లక్షల్లోనే. వేరే ప్యాకేజీల లోపల అది ఇరుక్కుపోయి ఉంది కాబట్టి సీఐ మెషీన్లు (కోడ్ మారినప్పుడల్లా తమంతట తామే టెస్టులు నడిపేవి) రోజూ దించుకుంటూనే ఉంటాయి. కాబట్టి డౌన్‌లోడ్ల లెక్క కూడా ఎవరో కావాలని ఎంచుకున్నారనడానికి రుజువు కాదు.

పైగా స్టార్లు కొనుక్కోవచ్చు. గిట్‌హబ్‌లో నకిలీవని అనుమానించదగ్గ స్టార్లు లక్షల సంఖ్యలో ఉన్నాయని 2024లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇతరులతో కలిసి చేసిన అధ్యయనంలో చూపించారు.

నిఖిల్_99

ఇవన్నీ చేత్తో చూసుకుంటూ కూర్చోవాలా అన్నా? ఓపెన్ సోర్స్ భద్రత చూసే ఓపెన్ ఎస్ఎస్ఎఫ్ వాళ్ల స్కోర్‌కార్డ్ ఉంది కదా, రిపో అడ్రస్ ఇస్తే 10కి ఎంతో చెప్పేస్తుంది. 7 దాటితే తీసుకో, లేదంటే వదిలెయ్. మేమైతే అలాగే చేస్తున్నాం.

పాతకాపు_సి

సాహితి గారూ, నేను మొదట తెరిచేది మూసేసిన పుల్ రిక్వెస్టుల (పీఆర్‌లు, అంటే ఈ మార్పు కోడ్‌లో చేర్చండని పంపే అభ్యర్థనలు) పేజీ. ఓపెన్ ఇష్యూలు (ఇంకా తేలని ఫిర్యాదులు) ఎన్నున్నాయో చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు. వాడేవాళ్లు ఎక్కువైతే ఇష్యూలూ ఎక్కువే ఉంటాయి. ఆ పేజీలో నేను వెతికేది ఒకటే: టీమ్‌తో ఏ సంబంధమూ లేని మనిషి పంపిన మార్పు చివరికి ఏమైంది?

ఈ మధ్య మెర్జ్ అయిన (అసలు కోడ్‌లో కలిసిన) ఓ ముప్పై పీఆర్‌లు తీసుకోండి. డిపెండబాట్ లాంటి బాట్‌లు (ప్రాజెక్టు ఆధారపడే ఇతర లైబ్రరీల వెర్షన్లు పెంచే ప్రోగ్రాంలు) పంపినవి ముందే పక్కన పెట్టండి. మెయింటైనర్లు (ప్రాజెక్టు చూసుకునేవాళ్లు) తమకు తాము పంపుకున్నవి ఇంకో పక్కన పెట్టండి. మిగిలినవి బయటివాళ్లవి. చాలా రిపోల్లో ఈ జల్లెడ పట్టాక చేతిలో ఏమీ మిగలదు. కమిట్ల గ్రాఫ్ పచ్చగా కళకళలాడుతుంటుంది, తీరా చూస్తే అదంతా బాట్ డిపెండెన్సీ నంబర్లు మార్చిన పచ్చదనమే.

బయటివాళ్లవి మిగిలితే, వాటి కింది సంభాషణ చదవండి. రివ్యూ చేసినవాళ్లు కోడ్ నిజంగా చదివారా? "ఈ లైన్ వల్ల కనెక్షన్ తెగినప్పుడు జాబ్ రెండుసార్లు నడుస్తుంది" అని ఎవరైనా పట్టుకున్నారా, లేక "బాగుంది" అని మెర్జ్ కొట్టేశారా? తిరస్కరించిన పీఆర్‌లు కూడా చదవండి, వాటి విలువ నా దృష్టిలో ఇంకా ఎక్కువ. కారణం వివరంగా రాసి "ఇది మేం తీసుకోలేం" అనగలిగిన ప్రాజెక్టుకు తన దారేదో తెలుసు. ఏ సమాధానమూ లేకుండా రెండేళ్లు పడి ఉన్న పీఆర్‌లు ఉన్నాయంటే ఇంట్లో తలుపు తీసే మనిషి లేడని అర్థం.

ఇంకో ముఖ్యమైన సంగతి. మెర్జ్ అయింది కదా అని సంతోషించకండి, రిలీజ్ అయిందా చూడండి. చివరి రిలీజ్ ట్యాగ్ నుంచి మెయిన్ బ్రాంచ్ ఎన్ని కమిట్లు ముందుకెళ్లిందో గిట్‌హబ్‌లో కంపేర్ పేజీ చూపిస్తుంది. ఆరు నెలల క్రితం సరిచేసిన బగ్ ఇంకా ఏ రిలీజ్‌లోనూ లేకపోతే వాడుకరి దృష్టిలో అది సరికానట్టే. తరచూ దీని వెనకుండే కథ ఏమిటంటే, మెర్జ్ చేసే హక్కు నలుగురికి ఉంటుంది, ప్యాకేజీ రిజిస్ట్రీకి పంపే హక్కు మాత్రం ఎప్పుడో వెళ్లిపోయిన ఒక్కరి దగ్గరే ఉండిపోతుంది.

లక్ష్మి_డెవాప్స్

నిఖిల్, స్కోర్‌కార్డ్ నేనూ వాడతాను, వద్దనను. కానీ అది దేన్ని కొలుస్తోందో తెలుసుకుని వాడాలి. బ్రాంచ్ ప్రొటెక్షన్ ఉందా, కమిట్లను మరొకరు రివ్యూ చేశారా, వర్క్‌ఫ్లోల్లో ప్రమాదకరమైన రాతలున్నాయా, సీఐ టోకెన్లకు అవసరానికి మించిన అనుమతులున్నాయా, రిలీజ్‌లకు సంతకం ఉందా, ఇలాంటివి. ఇవన్నీ ప్రాజెక్టు పాటించే భద్రతా అలవాట్లు. లైబ్రరీ మీ పనికి సరిపోతుందా, వచ్చే ఏడాది కూడా దాన్ని చూసుకునేవాళ్లుంటారా అన్నవి దాని పరిధిలో లేవు. అందులో ‘మెయింటైన్డ్’ అనే పరీక్ష ప్రధానంగా గత 90 రోజుల కదలికనే చూస్తుంది. బాగా నడుస్తూ మార్పులు అక్కర్లేని ప్రాజెక్టుకి దాంట్లో తక్కువ మార్కులే వస్తాయి.

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ సంగతి చూడు. వాళ్లు అసలు గిట్‌లోనే పని చేయరు, ఫాసిల్ అనే తమ సొంత వెర్షన్ కంట్రోల్ వాడతారు. బయటివాళ్ల కోడ్ సాధారణంగా తీసుకోరు. రాసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గిట్‌హబ్‌లో ఉన్నది అద్దం కాపీ మాత్రమే. పాతకాపు గారు చెప్పిన పీఆర్‌ల పరీక్ష పెడితే అది ఫెయిలవుతుంది. కానీ అసలు కోడ్‌కి దాదాపు 590 రెట్లు టెస్టు కోడ్ ఉంది, 2050 వరకు చూసుకుంటామని వాళ్లే రాసి పెట్టారు. లైనక్స్ కర్నెల్ కూడా అంతే, అక్కడ మార్పులు మెయిలింగ్ లిస్టుల్లో ప్యాచ్‌లుగా వెళ్తాయి, గిట్‌హబ్ పీఆర్‌లు తీసుకోరు. అందుకని ముందు ఆ ప్రాజెక్టు తన పనిని ఎక్కడ చేసుకుంటోందో కనుక్కోవాలి, ఆ తర్వాతే కొలవాలి.

పాతకాపు_సి

లక్ష్మి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నా పరీక్ష గిట్‌హబ్ మీదే బతికే ప్రాజెక్టులకే పనికొస్తుంది.

నిఖిల్_99

సరే, 7 దాటితే చాలన్నది తొందరపాటే. కానీ ఒక డౌట్. చివరి కమిట్ ఎనిమిది నెలల క్రితం ఉంటే దాన్ని వదిలేయాలా వద్దా? మా టీమ్‌లో అయితే నేరుగా వదిలేస్తారు.

వేణు_ఏపీఐ

ఆగిపోయిన ప్రాజెక్టు వేరు, పని పూర్తయిన ప్రాజెక్టు వేరు. డొనాల్డ్ క్నూత్ రాసిన టెక్ (TeX) టైప్‌సెట్టింగ్ ప్రోగ్రాం వెర్షన్ నంబరు పై (π) విలువకి దగ్గరవుతూ వెళ్తుంది. 2021లో వచ్చిన దిద్దుబాటుకి 3.141592653 అని పెట్టారు. కొన్నేళ్లకోసారి బగ్‌లు మాత్రమే సరిచేస్తారు, కొత్త ఫీచర్లు చేర్చరు. దాన్ని చచ్చిపోయిందని ఎవరూ అనరు.

నేను వేసుకునే ప్రశ్న ఇది: ఈ కోడ్ దేన్ని ఆనుకుని ఉంది, ఆనుకున్నది కదులుతోందా? స్ట్రింగులు సర్దే చిన్న లైబ్రరీ కింద నేల కదలదు. అది మూడేళ్లు ఊరుకున్నా ఫర్వాలేదు. జాబ్ క్యూ అలా కాదు. డేటాబేస్ క్లయింట్ మారుతుంది, భాష రన్‌టైమ్ కొత్త వెర్షన్లొస్తాయి, టీఎల్ఎస్ (నెట్ కనెక్షన్ల ఎన్‌క్రిప్షన్) నియమాలు మారతాయి. కింద నేల కదులుతుంటే పైనున్నది కదలకుండా నిలబడలేదు. సాహితి గారి మొదటి లైబ్రరీకి 14 నెలల మౌనం నన్ను కలవరపెట్టేది అందుకే.

రాధిక_క్యూఏ

చిన్న మాట. బగ్ సరిచేసిన నాలుగైదు కమిట్లు తెరిచి చూడండి. ఆ బగ్‌ని పట్టుకునే టెస్ట్ కూడా అదే కమిట్‌లో వచ్చిందా? వస్తే ఆ బగ్ మళ్లీ తలెత్తదు. రాకపోతే మూడు రిలీజ్‌ల తర్వాత తిరిగి వస్తుంది, నేను చాలాసార్లు చూశాను. ఇంకా, సీఐలో మీరు వాడే రన్‌టైమ్ వెర్షన్ మీద టెస్టులు నడుస్తున్నాయా అన్నది కూడా. రీడ్‌మీలో పచ్చ బ్యాడ్జి ఉంటుంది, తీరా అది ఎప్పుడో సపోర్ట్ ఆగిపోయిన వెర్షన్ మీద పచ్చగా ఉంటుంది.

నిఖిల్_99

మరి ఇద్దరే ఉన్న ప్రాజెక్టు సంగతి? బస్ ఫ్యాక్టర్ (ఎంతమంది తప్పుకుంటే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ లెక్క) 2 అంటే ఏ పెద్ద కంపెనీ ఆర్కిటెక్టూ ఒప్పుకోరు. గిట్ షార్ట్‌లాగ్‌ని ఏడాదికి పరిమితం చేసి చూస్తే ఎవరెంత రాశారో తెలిసిపోతుంది. సగం కమిట్లు కనీసం నలుగురైదుగురి మధ్య పంచుకుని ఉండాలి అంటాను నేను.

గాయత్రి_ఓఎస్

ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఈ ప్రశ్నకి రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను ఏడేళ్లుగా ఒక చిన్న లైబ్రరీ చూసుకుంటున్నాను. బస్ ఫ్యాక్టర్ 1. మీ లెక్కలో అది జబ్బు చేసిన ప్రాజెక్టు. కానీ ఆ ఏడేళ్లలో వచ్చిన ప్రతి సెక్యూరిటీ రిపోర్టుకి వారంలోపు రిలీజ్ ఇచ్చాను. మనుషుల లెక్క అవసరమే, కాదనను. అయితే ఆ లెక్క పెరగడం ఎప్పుడూ మంచికే అనుకోవద్దు. ఎక్స్‌జడ్ ఉదంతం మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ యుటిల్స్‌ని ఏళ్ల తరబడి ఒకే మనిషి నడిపారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి 2021 నుంచి ఓపిగ్గా ప్యాచ్‌లు పంపారు. 2022లో మెయిలింగ్ లిస్టులో ఎవరో కొత్త పేర్లతో "ఇంత ఆలస్యమా, ఇంకొకరికి అప్పగించండి" అని ఒత్తిడి మొదలుపెట్టారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని ఆ పాత మెయింటైనర్ బహిరంగంగానే రాశారు. చివరికి ఆ కొత్త మనిషికి హక్కులు వచ్చాయి. ఆ సమయంలో మీరు ఏ టూల్‌తో కొలిచినా ఆ ప్రాజెక్టు కోలుకుంటున్నట్టే కనిపించేది. ఇద్దరు మెయింటైనర్లు, చురుకైన కమిట్లు, క్రమంగా రిలీజ్‌లు. 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 రిలీజ్‌లలో బ్యాక్‌డోర్ (దొంగచాటుగా లోపలికి వచ్చే దారి) ఉంది. దాన్ని పట్టుకున్నది ఏ స్కోరూ కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి, వదలకుండా తవ్వి, మార్చి 29న బయటపెట్టారు. ఆ బ్యాక్‌డోర్‌ని నడిపించే బిల్డ్ స్క్రిప్టు గిట్ రిపోలో లేదు, రిలీజ్ టార్ ఫైల్‌లో మాత్రమే ఉంది. అంటే రిపో పేజీ చదివినా దొరికేది కాదు.

ఇది చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ ఒత్తిడి మెయిళ్లలాంటివి నాకూ వస్తాయి. ఒక కంపెనీ ఇంజనీరు "మా ప్రొడక్షన్ ఆగిపోయింది, ఇవాళే సరిచేయాలి" అని రాశాడు. నేను అప్పుడు ఆసుపత్రిలో మా అమ్మ పక్కన ఉన్నాను. అందుకే అడుగుతున్నాను, ఒక రిపో ఆరోగ్యం చూసేటప్పుడు ఇష్యూల్లో మెయింటైనర్ గొంతు వినండి. ఏడాది క్రితం వివరంగా, ఓపిగ్గా రాసిన మనిషి ఇప్పుడు ఒక్క ముక్కలో జవాబిస్తున్నారా? ‘క్షమించండి, టైం దొరకలేదు’ అన్న మాట ఎక్కువైందా? వాడుకరులు ఎలా మాట్లాడుతున్నారు, తిట్టినప్పుడు ఎవరైనా అడ్డుపడుతున్నారా? అలసట నంబర్లలోకి రావడానికి ఏడాది పడుతుంది, మాటల్లో ముందే కనిపిస్తుంది.

పాతకాపు_సి

గాయత్రి గారూ, రాసినందుకు ధన్యవాదాలు. 2014లో నెట్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు కూడా అంతే. వెబ్‌లో పెద్ద భాగం దాని మీదే నడుస్తోంది. అప్పట్లో ఆ ప్రాజెక్టుకి ఏటా వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు, పూర్తి సమయం పనిచేసేది ఒక్కరు. అందరూ వాడుతున్నారు కాబట్టి ఎవరో చూసుకుంటూనే ఉంటారని అందరూ అనుకున్నారు.

లక్ష్మి_డెవాప్స్

కొత్తవాళ్లకి హక్కులివ్వడం గురించి ఒకటి కలుపుతాను. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీని దాని రచయిత, తాను వాడటం లేదు కాబట్టి, మెయిల్‌లో అడిగిన ఒక అపరిచితుడికి ఇచ్చేశారు. ఆ కొత్త వ్యక్తి ఒక డిపెండెన్సీ జోడించారు, అందులో ఒక బిట్‌కాయిన్ వాలెట్ యాప్‌ని దోచే కోడ్ దాచారు. ఇందులో రచయితని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. కానీ వాడేవాళ్లుగా మనం గమనించాల్సింది ఉంది. చాలాకాలం నిశ్శబ్దంగా ఉన్న రిపో ఒక్కసారిగా కొత్త పేరుతో లేచిందంటే, ఆ చేతి మార్పు గురించి ఎక్కడైనా బహిరంగంగా రాశారా అని చూడాలి. గవర్నెన్స్ అని పెద్ద పత్రం అక్కర్లేదు. ఎవరికి ఏ హక్కు ఉంది, ఎలా వచ్చింది అన్నది నాలుగు లైన్లు ఉన్నా చాలు.

వేణు_ఏపీఐ

ఇద్దరు మనుషులుంటే భయం, ఒకే కంపెనీ నడిపితే ధైర్యం అనుకునేవాళ్లకి కూడా ఒక మాట. కంపెనీ బలంగా ఉన్నా లైసెన్స్ మారిపోవచ్చు. ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫామ్ 2023 ఆగస్టులో, రెడిస్ 2024 మార్చిలో మార్చాయి. ఆ మూడింటి నుంచి ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ అనే ఫోర్కులు (పాత కోడ్ కాపీ తీసుకుని విడిగా నడిపే ప్రాజెక్టులు) పుట్టాయి. ఎలాస్టిక్‌సెర్చ్, రెడిస్ తర్వాత ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ని కూడా చేర్చాయి కానీ, మధ్యలో వాడేవాళ్లు పడిన అవస్థ పడ్డారు. కాబట్టి కాంట్రిబ్యూటర్ ఒప్పందం చదవండి. మీరు పంపిన కోడ్‌ని వేరే లైసెన్స్ కింద ఇచ్చుకునే హక్కు ఒకే కంపెనీకి రాసిచ్చేట్టుంటే, అది మారే అవకాశం ఎప్పుడూ ఉన్నట్టే.

సాహితి_బ్యాకెండ్

మూడు రోజులు పట్టింది కానీ మీరు చెప్పినవన్నీ చేసి చూశాను. రాసిపెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

మొదటిది, 19 వేల స్టార్లది: చివరగా మెర్జ్ అయిన 30 పీఆర్‌లలో 24 బాట్‌వి. మిగిలిన ఆరూ ఒకే మనిషివి. బయటివాళ్లది ఒక్కటీ లేదు. చివరి రిలీజ్ తర్వాత మెయిన్‌లో 71 కమిట్లున్నాయి. వాటిలో ఒకటి వర్కర్ (జాబ్‌లను నడిపే ప్రోగ్రాం) హఠాత్తుగా ఆగితే జాబ్ మాయమైపోయే బగ్‌కి దిద్దుబాటు, తొమ్మిది నెలల క్రితం వచ్చింది, ఇంకా రిలీజ్ కాలేదు. ‘ఈ ప్రాజెక్టుని ఎవరైనా చూస్తున్నారా?’ అని ఒక ఇష్యూ ఉంది, కింద 140 మంది థంబ్స్ అప్ పెట్టారు, మెయింటైనర్ జవాబు లేదు. ఇష్యూలు చాలా వరకు ‘మూసేశాం’ అని కనిపిస్తున్నాయి. తెరిచి చూస్తే వాటిని మూసింది స్టేల్ బాట్. 60 రోజులు ఎవరూ మాట్లాడకపోతే తనే మూసేస్తోంది. నేను మొదట ఆ మూసేసిన లెక్క చూసి మురిసిపోయాను.

రెండోది: ఇద్దరు మెయింటైనర్లు, ఇద్దరికీ రిలీజ్ చేసే హక్కుందని రాసి ఉంది. 30 పీఆర్‌లలో 9 బయటివాళ్లవి. తిరస్కరించినవి ఐదు చదివాను, అన్నింటికీ కారణం ఉంది. ఒకచోట అయితే ‘మీ ఆలోచన బాగుంది కానీ దీన్ని పదేళ్లు మోయాల్సింది మేమిద్దరమే, అందుకే వద్దంటున్నాం’ అని రాశారు. బగ్ కమిట్లతో టెస్టులూ ఉన్నాయి. నేను ఒక చిన్న సమస్య రాస్తే రెండో రోజు జవాబొచ్చింది. దిద్దుబాటు కాదు, ఒక ప్రశ్న. ఆ ప్రశ్నతోనే తప్పు మా కాన్ఫిగరేషన్‌లో ఉందని నాకు తెలిసింది.

లోటు ఏమిటంటే, ప్రయారిటీ క్యూలు (ముఖ్యమైన జాబ్‌లను ముందు నడిపే వరసలు) రెండోదాంట్లో లేవు.

నిఖిల్_99

మొదటిదానికి బతికున్న ఫోర్కు ఏదైనా ఉందేమో చూశారా? 19 వేల స్టార్లంటే వాడేవాళ్లు నిజంగానే ఉండుంటారు, వాళ్లు ఎటైనా వెళ్లి ఉండాలి.

సాహితి_బ్యాకెండ్

చూశాను నిఖిల్. రెండు ఫోర్కులు కదులుతున్నాయి, కానీ రెండూ ఎవరి కంపెనీ అవసరానికి వాళ్లు ఆ జాబ్ మాయమయ్యే బగ్ దిద్దుకున్నవే. బయటివాళ్ల కోసం రిలీజ్ ఇవ్వడం లేదు.

పాతకాపు_సి

అయితే నేను రెండోదానికే ఓటేస్తాను. ఒక షరతుతో. క్యూ పిలుపులన్నీ మీ సొంత చిన్న పొర వెనక పెట్టండి, లైబ్రరీ పేరు కోడ్‌లో ఒకే చోట కనిపించాలి. రేపు ఆ ఇద్దరూ వేరే పనిలో పడినా మీకు మూడు వారాలు పట్టకూడదు. వెర్షన్‌ని లాక్ ఫైల్‌లో బిగించండి. రిలీజ్ వచ్చిన రోజే పైకి ఎక్కించకుండా కొద్ది రోజులు ఆగండి.

రాధిక_క్యూఏ

వర్కర్‌ని మధ్యలో చంపేసి జాబ్ మిగిలిందా అని చూసే టెస్టు మీ వైపు కూడా ఒకటి రాసుకోండి. లైబ్రరీ మారినా అది మీ దగ్గరే ఉంటుంది.

గాయత్రి_ఓఎస్

ప్రయారిటీ క్యూలు కావాలని అడిగే ముందు వాళ్ల పాత చర్చల్లో దాన్ని ఎప్పుడైనా కాదన్నారేమో వెతకండి సాహితి గారూ. కాదనకపోతే, కోడ్ పంపే ముందే ఇష్యూలో మీ అవసరం రాసి అడగండి. అలా వచ్చినవాళ్లంటే మాకు ప్రాణం లేచొస్తుంది.

సాహితి_బ్యాకెండ్

అప్‌డేట్ ఇస్తున్నాను. పై లెక్కలన్నీ మా లీడ్ ముందు పెట్టాను. ఆయన స్టార్ల గురించి ఇక మాట్లాడలేదు, ఆ తొమ్మిది నెలల బగ్ దగ్గరే ఆగి రెండుసార్లు చదివారు. రెండోదానికే ఒప్పుకున్నారు. పొర రాసేశాను, రాధిక గారు చెప్పిన టెస్టు కూడా పెట్టాను. ఆరు నెలలకోసారి ఇదే పరిశీలన మళ్లీ చేయాలని క్యాలెండర్‌లో వేసుకున్నాం.

ప్రయారిటీ క్యూల గురించి పాత చర్చ ఒకటి దొరికింది. కాదనలేదు, ‘ఎవరైనా వాడకం వివరంగా రాస్తే ఆలోచిస్తాం’ అన్నారు. నిన్న రాత్రి కూర్చుని మా అవసరం రాశాను. పొద్దున చూస్తే ఇద్దరిలో ఒకరు మూడు ప్రశ్నలు అడిగారు. ఇప్పుడు వాటికి జవాబులు రాస్తున్నాను.